మా ఇంటి అద్దం తలుపు మేస్త్రీ

ఇస్నాపూర్ చౌరస్తాలో మా షిఫ్టు బస్సు ఎప్పుడూ ఐదు నిమిషాలు ఆగుతుంది. ఆ ఐదు నిమిషాలూ కిటికీలోంచి ఫ్లెక్సీలు చదువుకుంటూ కూర్చుంటాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, ప్లాట్ల ప్రకటనలు, ఎవరో నాయకుడికి స్వాగతం. కిందటి మంగళవారం వాటి మధ్య ఒక కొత్తది కనిపించింది. పైన శిలువ గుర్తు, "ప్రభువునందు నిద్రించిరి" అని అక్షరాలు, కింద నవ్వీ నవ్వని మొహం, చెవి మీద పెన్సిలు. పోయినవాళ్ళ ఫోటో ఎవరైనా చెవి మీద పెన్సిలుతో వేయిస్తారా? ఇంట్లోవాళ్ళకు వేరే ఫోటో దొరికి ఉండదు. పెన్సిలు లేకుండా ఆ మనిషిని నేనూ ఎప్పుడూ చూడలేదు.

"ఏంది సార్, తెలిసినాయననా?" అని పక్క సీటాయన అడిగాడు.

తెలిసినాయనే అన్నాను. ఫ్లెక్సీ మీద పేరు చదివాను. మూడేళ్ళ పరిచయంలో ఆ పేరు నేను ఒక్కసారి కూడా పలకలేదు. మేస్త్రీ అంటే మేస్త్రీయే. ఇప్పుడు ఇక్కడ రాద్దామన్నా నాకు మొహం చెల్లడం లేదు. ఎందుకో చెబుతాను. దాచినంత కాలం దాచాను, చాలు.

పటేల్‌గూడలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆవిడ గట్టిగా పట్టుబట్టింది ఒక్కదాని కోసమే. బాత్రూంలో షవరు కింద నిలబడే చోటుకు అద్దం తలుపు కావాలంది. నీళ్ళు గదంతా పారకూడదట. ప్లాస్టిక్ తెర కడితే సరిపోదా అన్నాను.

"తెర ఒంటికి అంటుకుంటది. నాకొద్దు" అంది. ఇలాంటి వాదనలు మా ఇంట్లో ఎంతసేపు నడుస్తాయో చెప్పక్కర్లేదు.

ముత్తంగి దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్డులో అద్దాల పని చేసే మేస్త్రీ ఉన్నాడని మా ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. ఫోన్ చేస్తే మర్నాడే వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. మా గుమ్మంలోకి పక్కకు తిరిగి, ఎడమ చెయ్యి కాస్త దూరంగా పెట్టుకుని వచ్చాడు. చేతిలో టేపు తప్ప ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు అద్దాలు మోసి మోసి ఆయన తిన్నగా గుమ్మం దాటడం మరిచిపోయాడు. తర్వాత్తర్వాత బజారులో చూసినా అంతే, రెండు బళ్ళ మధ్య నుంచి పక్కవాటుగానే నడిచేవాడు.

బాత్రూం తలుపు బార్లా తీసే ఉంది. అయినా ఆగి, వేలితో రెండుసార్లు తట్టాడు.

"లోపల ఎవ్వరు లేరయ్యా" అన్నాను.

"తెలుసు సార్. అయిన తట్టాలె. బాత్రూముల పని జేసేటోనికి గీ తట్టుడు ముందుగాల రావాలె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

కొలతలు తీసేటప్పుడు చూడాలి ఆ మనిషిని. పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి. మళ్ళీ కింది నుంచి పైకి మూడు. గోడ మీదే పెన్సిలుతో రాశాడు. మూడు చోట్లా మూడు అంకెలు వచ్చాయి. కట్టిన మేస్త్రీ గోడ తిన్నగా లేపలేదని నాకు ఒళ్ళు మండింది.

"ఆయన మీద గుస్స గాకుండ్రి సార్. సీదా ఉన్న గోడ నేను ఇప్పటిదాక ఒక్కటి సూడలే" అన్నాడు. "గందుకే అన్నిట్ల చిన్న కొలత తీస్కుంట. ఈ గట్టి అద్దం బట్టీల కాలినంక ఇగ ఎవ్వడు కొయ్యలేడు. జెర అంచు తీద్దామంటె మొత్తం పలుకులు పలుకులు అయితది. ఏం ఆలోచన జేసినా ఇప్పుడే జెయ్యాలె."

ఆ సంగతి ఆయనకు ఎవరో చెప్తే తెలిసింది కాదు. పాశమైలారంలో అద్దాలు కాల్చే కంపెనీలో పన్నెండేళ్ళు బట్టీ ముందు నిలబడ్డాడు. తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. నేనూ పాశమైలారంలోనే, యంత్రాలు తయారు చేసే ఫ్యాక్టరీలో, అసెంబ్లీ షాపు సూపర్‌వైజర్ని. ఆ మాట చెప్పగానే "అయితే మనం మనం పనోళ్ళమే" అని మొదటిసారి నవ్వాడు.

పది రోజులకు అద్దం తెచ్చాడు. దాన్ని నేల మీద నేరుగా పెట్టనివ్వలేదు. గోనె పట్టీలు రెండు మడిచి పరిచి, "ముందుగాల దీనికి చెప్పులు తొడగాలె" అన్నాడు. మా ఆవిడ చాయ్ తెస్తే పని అయ్యేదాకా ముట్టుకోలేదు. అయ్యాక చల్లారిన చాయ్‌నే తాగాడు, వేడి చేస్తానన్నా వద్దన్నాడు. మా ఆవిడ అన్నా అని పిలిచింది. ఆయన చెల్లె అన్నాడు. ఆ తలుపు చూసి మా వీధిలో ముగ్గురు వచ్చి తమకూ కావాలన్నారు. వాళ్ళ ఇళ్ళ పని ఇంకా నడుస్తోంది, అయ్యాక పెడతానని కొలతలు తీసుకుని వెళ్ళాడు.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాతిది నా ఘనకార్యం.

నాలుగు నెలలకు ఒక ఆదివారం పొద్దున తలుపు కొంచెం కిందికి జారి గడపకు రాసుకోవడం మొదలైంది. తీసినప్పుడల్లా కీచుమంటోంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆయన ఫోన్ ఎత్తడు, చర్చిలో ఉంటాడు, ఆ ముక్క మొదటి రోజే చెప్పాడు. మా ఆవిడ వాళ్ళ అక్క ఇంటికి వెళ్తూ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది.

"ఏమయ్యా, నువ్వైతే దాన్ని ముట్టకు. అన్న వచ్చి సూస్కుంటడు."

ఆ మాట అనకపోతే ముట్టకపోదునేమో. ఇరవై రెండేళ్ళు యంత్రాలు బిగించినవాడికి బాత్రూం తలుపు ఒక లెక్కా అనిపించింది. ఎలన్ కీ తెచ్చుకుని తలుపు కింద చెక్క పెట్టి, మడతబందుల మరలు విప్పాను. ఇనుప పలకకూ అద్దానికీ మధ్య పల్చటి రబ్బరు ముక్క ఒకటి కనిపించింది. ఓహో, ఇదా సంగతి! మా షాపులో రెండు భాగాల మధ్య ఇలాంటి ముక్క వదిలేసి బిగిస్తే, ఆ పని చేసినవాణ్ణి నిలబెట్టి కడిగేస్తాను. పలక పలకకు ఆనాలి, మధ్యలో సందు ఉండకూడదు. మా చేతులకు తెలిసిన పని అదొక్కటే. రబ్బరు ముక్కలు రెండూ తీసి చెత్తబుట్టలో పడేశాను. మరలు మళ్ళీ పెట్టి, కీ కిర్రుమనేదాకా బిగించాను. తలుపు సుతారంగా తిరిగింది. కీచుమనడం పోయింది. సాయంత్రం మా ఆవిడ వచ్చి చూసి, అన్న వచ్చాడా అని అడిగింది. ఊఁ అన్నాను. ఆ ఒక్క ఊఁ కోసం ఇంత రాయాల్సి వస్తోంది.

పదకొండు రోజులు గడిచాయి. గురువారం పొద్దున మా అమ్మాయి కాలేజీకి తయారవుతూ స్నానానికి వెళ్ళింది. నేను బూట్లు తొడుక్కుంటున్నాను. ఢామ్మని చప్పుడు! వంటింట్లో సిలిండరు పేలిందనుకున్నాను. ఆ వెంటే అమ్మాయి కేక. మా ఆవిడ ముందు పరిగెత్తింది. తలుపు లేదు. నేలంతా పటికబెల్లం చెదిరినట్టు పలుకులు. మూలకు అమ్మాయి తువ్వాలు చుట్టుకుని గోడకు అంటుకుపోయి నిలబడింది. చెయ్యి కూడా వెయ్యలేదట, దానంతట అదే పేలిందట. మా ఆవిడ దుప్పట్లు తెచ్చి పరిచి, వాటి మీద నడిపించుకుని తీసుకొచ్చింది. అరికాల్లో రెండు చోట్ల గీరుకుంది. దేవుడి దయ, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ పిల్ల వణుకు మధ్యాహ్నం దాకా తగ్గలేదు. ఆ తర్వాత నెల రోజులు కింది బాత్రూంలో బకెట్టుతో పోసుకుంది.

మేస్త్రీ గంటలో వచ్చాడు. అప్పుడు కూడా తట్టి లోపలికి వెళ్ళాడు. గొంతుక్కూర్చుని పలుకుల్లోంచి మడతబందు ఏరి తీశాడు. దాని పలకల మధ్య అద్దం ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది. బొటనవేలితో రుద్ది చూశాడు. రెండోది తీసి దాన్నీ చూశాడు. మరల తలల మీద నా కీ జారిన గీతలు తళతళలాడుతున్నాయి. తలెత్తి నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నేను గీజరు వైపు చూశాను.

మా ఆవిడ అందుకుంది.

"ఏం పని ఇది మేస్త్రీ? పిల్ల లోపలుండంగ పేలింది! ఒక్క పలుకు కంట్ల వడితే ఏం గావాలె దాని బతుకు? ఏం బిగించినవ్ నువ్వు?"

అన్న పోయి మేస్త్రీ అయ్యాడు. ఆయన మరో రెండు క్షణాలు ఆగాడు. నాకోసమే ఆగాడని నాకు తెలుసు. చెబితే ఏమవుతుంది, మా ఆవిడ నాలుగు రోజులు దులిపేస్తుంది, అమ్మాయి నావైపు ఒకలా చూస్తుంది. అంతేగా! ఆ అంతకే భయపడ్డాను.

"తప్పైంది చెల్లె" అన్నాడు ఆయన. "బిడ్డకు ఏం గాలే గదా? గది చాలు. వారంల కొత్తది పెడ్త."

మర్నాడు బస్సులో ఫోన్ తీస్తే కాలనీ గ్రూపులో మా ఆవిడ పెట్టిన మెసేజ్ ఉంది. ముత్తంగి అద్దాల మేస్త్రీని ఎవరూ పిలవకండి, మా పాప తృటిలో తప్పించుకుంది అని. కింద దండాలు, ఏడుపు మొహాలు, అయ్యో అయ్యో అంటూ ఇరవై జవాబులు. కొలతలు ఇచ్చిన ముగ్గురూ మాకు వద్దని చెప్పేశారట. నేను ఫోన్ జేబులో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అందరూ నిద్రపోతున్నానని అనుకున్నారు.

కొత్త అద్దం తెచ్చినరోజు మా ఆవిడ చాయ్ ఇవ్వలేదు, ఆ గదివైపే రాలేదు. మేమిద్దరమే ఉన్నాం. అద్దానికి చెప్పులు తొడిగాడు, నిలబెట్టాడు, రబ్బరు ముక్కలు తన చేత్తో అమర్చాడు. మరలు బిగించేటప్పుడు ఎలన్ కీ నా చేతికిచ్చాడు.

"జెర మీరు తిప్పుండ్రి సార్."

నేను తిప్పాను. నా చేతి మీద తన చెయ్యి వేశాడు. అరచెయ్యి గరుకుగా ఉంది. పావు చుట్టు తిప్పగానే నొక్కి పట్టాడు.

"ఇగ చాలు. గిక్కడ ఆగాలె."

"ఇంత వదులుగానా?"

"వదులు గాదు సార్. రబ్బరు పట్టుకున్నది. ఇనుము అద్దాన్ని ముట్టొద్దు. ముడితే ఆ దినం ఏం గాదు. పది దినాలకో, నెలకో, ఎవ్వరు ముట్టకున్న పోతది." చెయ్యి తీయకుండానే అన్నాడు. "మీది ఇనుము పని గదా. బిగిస్తెనే ఆగుతదని చేతికి అలవాటైతది. మీ తప్పేం గాదు."

అంతకంటే తలుపు ఎలా తెరుస్తారు ఎవరైనా? నేను లోపలికి అడుగు పెడితే సరిపోయేది. మేస్త్రీ, ఆ రబ్బరు తీసింది నేనే, మా ఆవిడతో ఇప్పుడే చెప్తాను పద, అనాలి. "అవును, అలవాటు" అన్నాను. నా బొంద అలవాటు! ఆయన కీ తీసుకుని సంచిలో వేసుకున్నాడు. పోయేముందు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "పోయొస్త చెల్లె" అన్నాడు. మా ఆవిడ తల తిప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్ళలో ఐదారుసార్లు కనిపించి ఉంటాడు. ఎప్పుడు కలిసినా మొదటి మాట ఒకటే.

"తలుపు మంచిగున్నదా సార్?"

మీరు బాగున్నారా అని కాదు, తలుపు. బాగుంది అనేవాణ్ణి. "బిడ్డ జొర్రుతున్నదా లోపటికి?" అని రెండో ప్రశ్న. వెళ్తోంది అనేవాణ్ణి. అప్పుడు హమ్మయ్య అన్నట్టు తలాడించేవాడు. చెప్పేద్దామని ప్రతిసారీ అనుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది, లేకపోతే నేనే తెచ్చుకునేవాణ్ణి.

చివరిసారి చూసింది ఆరు నెలల కింద, పాశమైలారంలో ఒక మందుల కంపెనీ గేటు దగ్గర. సెక్యూరిటీ డ్రెస్సు వేసుకుని గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. మా బస్సు అక్కడ కాసేపు ఆగితే దిగి వెళ్ళాను. టోపీ కింద పెన్సిలు అలాగే ఉంది. లారీలు వస్తే నంబర్లు రాసుకుంటాడట.

"షెడ్డు ఏమైంది?" అన్నాను.

"తీసేసిన సార్. మీ దిక్కు కాలనీలల్ల ఎవ్వరు పిలుస్తలేరు. ఒకరికొకరు చెప్పుకుంటరు గదా. గిక్కడ ఫికర్ లేదు, కూసునుడే పని." నవ్వాడు. "చేతులే జెర ఊకుంటలేవు."

"మేస్త్రీ, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. వెనక మా బస్సు హారన్ కొట్టింది. ఆయన నా మొహంలోకి చూస్తూ ఆగాడు, అప్పటిలాగే. హారన్ మళ్ళీ మోగింది. "పోండ్రి సార్, బస్సు పోతది" అన్నాడు. వెళ్ళిపోయాను. బస్సు పోతే ఆటోలు లేవా? ఆ ఒక్క పూట ఆలస్యమైతే ఫ్యాక్టరీ మూతపడుతుందా?

ఫ్లెక్సీ కింద, ఆదరణ కూడిక శనివారం పదకొండు గంటలకు అని ఉంది, పోయినవాళ్ళ కోసం చర్చివాళ్ళు పెట్టే ప్రార్థన. ఇంట్లో చెప్పగానే మా ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. "అయ్యో, పోయిండా! నేను గూడ వస్త. ఆ రోజు చాన మాటలన్న" అంది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

కంది దాటాక పెద్ద కాలేజీ ప్రహరీ పక్కనుంచి లోపలికి వెళ్తే వాళ్ళ ఊరు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. గుండెపోటట, డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. పాటలు పాడారు, పాస్టరుగారు వాక్యం చదివారు. తర్వాత, పోయినవారి గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. అద్దాల కంపెనీలో కలిసి పనిచేసినాయన ఒకరు లేచి చెప్పాడు. ఇంకెవరన్నా అన్నారు పాస్టరుగారు.

లేచాను. మా షాపులో రెండు వందల మంది ముందు అరిచే గొంతు ఎటు పోయిందో తెలియదు. మా బాత్రూం తలుపు పేలింది ఆయన పని వల్ల కాదు, నా వల్ల, అన్నాను. రబ్బరు తీసింది నేను, బిగించింది నేను, ఆయన తప్పు మీద వేసుకుంటుంటే చూస్తూ నిలబడింది నేను. ఆయన షెడ్డు మూతపడింది నా నోరు పడిపోవడం వల్ల. మా ఆవిడ తలెత్తి నన్ను చూసింది. పాస్టరుగారు మైకు తీసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

భోజనాల దగ్గర ఆయన భార్య మా దగ్గరికి వచ్చింది. నేను చేతులు జోడించాను.

"మాకెరికే సార్" అంది. "పేలిన దినమే ఇంట్ల జెప్పిండు. గ్రూపుల పెట్టినంక నేను కొట్లాడిన, పోయి నిజం జెప్పు అని. వద్దన్నడు. సారు మంచోడు, ఇంట్ల జెప్పనీకి భయపడ్డడు, ఇయ్యాల గాకుంటె రేపు ఆయనే జెప్తడు అన్నడు." చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "బజార్ల మీరు కలిసినప్పుడల్ల ఇంటికొచ్చి జెప్తుండె. ఇయ్యాల గూడ సారు జెప్పబోయిండు, బస్సొచ్చింది అని."

నా వల్ల కాలేదు. అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చాను. మా ఆవిడ ఆమె రెండు చేతులూ పట్టుకుని నిలబడింది.

తిరుగు దారిలో మా ఆవిడ బండి వెనక మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. తిడితే బాగుండుననిపించింది. ఇంటికి రాగానే తన ఫోన్లో కాలనీ గ్రూపు తెరిచి నా చేతికిచ్చింది.

"నేను రాసింది నువ్వు దిద్దు" అంది.

సోఫాలో కూర్చుని కొట్టాను. రెండేళ్ళ కింద మా తలుపు పేలడంలో ఆ మేస్త్రీ తప్పు లేదు, తప్పు నాది, ఆయన పని చాలా మంచిది, ఆయన పెట్టిన రెండో తలుపు ఇప్పటికీ బంగారంలా ఉంది. కింద నా పేరు రాసి పంపాను.

నిమిషంలో జవాబు వచ్చింది. మూడో వీధిలో కొత్తగా దిగినవాళ్ళు.

"థాంక్యూ సార్, మంచి మాట చెప్పారు. మాకూ అద్దం తలుపు పెట్టించాలి. ఆ మేస్త్రీని రేపు ఒకసారి మా ఇంటికి పంపగలరా?"